పొద్దున కుంటుతూ, పదింటికి పరుగులు: పిల్లల కీళ్ల జబ్బుల్ని గుర్తుపట్టేదెలా?

మూడేళ్ల పిల్ల. పొద్దున నిద్ర లేవగానే మంచం దిగనని మొరాయిస్తుంది. ఎత్తుకోమంటుంది. బలవంతాన దించితే ఒక మోకాలు పూర్తిగా చాచకుండా, మునివేళ్ల మీద ఆనించి, గోడ పట్టుకుని అడుగులేస్తుంది. పాలు తాగి, వేణ్నీళ్ల స్నానం అయ్యేసరికి నడక కాస్త సర్దుకుంటుంది. పదింటికల్లా వీధిలో పిల్లలతో పరుగులు. సాయంత్రం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆ గదంతా కలియదిరుగుతుంది. ఎక్స్‌రే తీయిస్తారు, అందులో ఏమీ ఉండదు. ఎక్కడో పడి ఉంటుందని అనుకుంటారు. అంగన్‌వాడీకి పోకుండా నాటకాలాడుతోందని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు కూడా.

ఆ పిల్ల నాటకం ఆడటం లేదు. కీలు లోపల సైనోవియం అనే పల్చటి పొర ఉంటుంది. అది కొద్దిగా జిగట ద్రవాన్ని ఊరిస్తూ కీలుకు కందెన వేస్తుంటుంది. శరీరపు రక్షణ వ్యవస్థ దారితప్పి ఆ పొర మీదికే మళ్లితే పొర ఉబ్బుతుంది, నీరు ఎక్కువగా ఊరుతుంది. రాత్రంతా కదలిక లేకపోయేసరికి కీలు పట్టేస్తుంది. తిరిగేకొద్దీ వదులవుతుంది. మధ్యాహ్నం కునుకు తీసి లేచాక, బస్సులో రెండు గంటలు కూర్చుని దిగాక కూడా ఇదే జరుగుతుంది. ఆటలో పడ్డ దెబ్బ, కండరాల అలసట దీనికి తిరగబడి ఉంటాయి: పొద్దున బాగుంటుంది, ఆడేకొద్దీ, సాయంత్రమయ్యేకొద్దీ నొప్పి పెరుగుతుంది.

అందుకే పిల్లల్లో కీళ్లవాతాన్ని పట్టిచ్చే మొదటి సాక్ష్యం పొద్దునే. నొప్పి రోజులో ఏ వేళ వస్తోంది, ఎన్నాళ్ల నుంచి ఉంది అన్న రెండు ప్రశ్నలకు ఇంట్లోవాళ్లు గట్టిగా జవాబు చెప్పగలిగితే ఈ జబ్బుల చిక్కుముడి సగం విడిపోతుంది. ఏ రక్తపరీక్షా ఆ పని చేయలేదు. ఎందుకో ముందుముందు చూద్దాం.

నొప్పి అని చెప్పని పిల్లలు

పెద్దవాళ్లం మోకాలు పట్టేస్తే పదిమందికి చెప్పుకుంటాం. రెండేళ్ల పిల్లకు 'పట్టేసింది' అన్న మాటే తెలియదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, నెలల తరబడి ఉన్న నొప్పి పిల్లలకు అలవాటైపోతుంది. అందరి కాళ్లూ ఇలాగే ఉంటాయనుకుంటారు. నొప్పి చెప్పడానికి బదులు పని చేసే తీరు మార్చుకుంటారు. మనం చూడాల్సింది ఆ మార్పునే.

బాసింపట్టు వేసుకుని అన్నానికి కూర్చునే పిల్లవాడు ఒక కాలు చాచి కూర్చోవడం మొదలుపెడతాడు. గొంతుక్కూర్చోలేక దొడ్డికి వెళ్లడం వాయిదా వేస్తాడు, మనం మలబద్ధకం అనుకుంటాం. తనే అన్నం కలుపుకుని తినే పిల్ల తినిపించమంటుంది. కుళాయి తిప్పలేదు, సీసా మూత తీయలేదు, చొక్కా గుండీలు పెట్టుకోలేదు. చక్కటి దస్తూరీ ఉన్న పిల్ల రాత ఉన్నట్టుండి పాడవుతుంది, బద్ధకమని బడిలో దెబ్బలు తింటుంది. మెట్లు ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కుతుంది. ఇక నడక వచ్చిన పసిబిడ్డ మళ్లీ పాకడం మొదలుపెడితే, ఎత్తుకోమని అదేపనిగా ఏడిస్తే, దాన్ని గారాబం అని వదిలేయకండి.

నేల మీద కూర్చోవడం మన ఇళ్లలో ఎవరూ పేరు పెట్టని ఒక పరీక్ష. బాసింపట్టుకు తుంటి పూర్తిగా తిరగాలి, గొంతుక్కూర్చోవడానికి మోకాలు, చీలమండ పూర్తిగా మడవాలి. డైనింగ్ టేబుల్, కమోడ్ ఉన్న ఇళ్లలో ఈ పరీక్ష రోజూ జరగదు కాబట్టి లోపం ఆలస్యంగా బయటపడుతుంది. అలాంటి ఇళ్లలో వారానికోసారైనా పిల్లల్ని కింద కూర్చోబెట్టి చూడటం మంచిది.

కీళ్ల నిపుణులు కాని డాక్టర్ల కోసం ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ డాక్టరు హెలెన్ ఫోస్టర్ బృందం 2006లో ఒక చిన్న పరీక్షా విధానాన్ని ప్రచురించింది. దాని పేరు పీగాల్స్. బడి వయసు పిల్లల నడక, చేతులు, కాళ్లు, వెన్ను అన్నీ రెండు నిమిషాల్లో చూసేయవచ్చు. మొదట మూడు ప్రశ్నలు: కీళ్లలో, కండరాల్లో, వీపులో నొప్పి గాని బిగుసుకోవడం గాని ఉందా? సాయం లేకుండా బట్టలు వేసుకోవడం కష్టంగా ఉందా? మెట్లు ఎక్కి దిగడం కష్టంగా ఉందా? ఆ తర్వాత ఆటలాంటి పనులు. మునివేళ్ల మీద నడువు, మడమల మీద నడువు, గట్టిగా పిడికిలి బిగించు, నమస్కారం పెట్టి మోచేతులు పైకెత్తు, చేతులు మెడ వెనక పెట్టు, పైకప్పు చూడు, నీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టు. నమస్కారంలో అరచేతులు అతుక్కోకపోతే మణికట్టులో ఏదో ఉంది. మూడు వేళ్లు పట్టకపోతే దవడ కీలు చూడాలి. దవడ కీలుకు నొప్పి లేకుండానే వాతం రావచ్చు, ఏళ్లు గడిచాక గడ్డం ఎదగకుండా చిన్నదిగా ఉండిపోతుంది.

ఇంట్లో చేయదగ్గది ఇంకొకటి ఉంది. పిల్లను కాళ్లు చాపి పడుకోబెట్టి రెండు మోకాళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. మోకాలి చిప్పకు అటూ ఇటూ ఉండే పల్లాలు ఒక వైపు పూడిపోయి కనిపిస్తే అక్కడ నీరు చేరినట్టే. తొడ కండ కూడా ఆ వైపు సన్నబడి ఉంటుంది. ఎక్కువ కాలం వాచిన మోకాలి వైపు కాలు రెండోదానికన్నా పొడవుగా పెరగడం కూడా ఉంది, వాపు దగ్గర రక్తప్రసారం పెరిగి ఎముక త్వరగా ఎదుగుతుంది కాబట్టి.

రాత్రి వేళ వచ్చే నొప్పి

"అమ్మా, కాళ్లు పీకుతున్నాయి." ఈ మాట వినని ఇల్లుండదు. మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో పడుకునే వేళకో, నడిరాత్రో రెండు కాళ్లూ పీకుతాయి. పిక్కలు, తొడలు, మోకాళ్ల వెనక. తల్లి కాసేపు పిసికితే, కొబ్బరినూనె రాస్తే తగ్గి పిల్ల నిద్రపోతుంది. తెల్లారితే కుంటడం ఉండదు, వాపు ఉండదు, ఆటలో లోటుండదు. వీటిని ఎదిగే వయసు నొప్పులంటారు, ఎదుగుదలకూ వీటికీ సంబంధం ఉన్నట్టు తేలకపోయినా ఆ పేరే నిలిచిపోయింది. పరీక్షలు, మందులు అక్కర్లేదు. కీళ్లు మామూలుకన్నా ఎక్కువగా వంగే పిల్లల్లో, అంటే బొటనవేలు మణికట్టు లోపలి వైపుకు తాకేంత వంగేవాళ్లలో, ఈ నొప్పులు ఇంకాస్త ఎక్కువ.

కానీ ఆ పేరు పెట్టేముందు కొన్ని లక్షణాలు లేవని రూఢి చేసుకోవాలి. నొప్పి ఎప్పుడూ ఒకే కాలికి, ఒకే చోట రావడం. పిసికితే తగ్గకపోగా ముట్టుకోనివ్వకపోవడం. పొద్దునకూ కుంటడం. జ్వరం, బరువు తగ్గడం, ముఖం పాలిపోవడం, ఒంటి మీద కారణం లేని కమిలిన మచ్చలు. బయటికి కనిపించే వాపు కొంచెమే ఉండి, పిల్ల మాత్రం నొప్పికి నిద్రలోంచి అరుస్తూ లేస్తుంటే రక్త క్యాన్సర్ ఉందేమో చూడాలి. ల్యుకేమియా కొందరు పిల్లల్లో మొదట ఎముకల నొప్పిగా, కీళ్ల నొప్పిగా బయటపడుతుంది. మొదటి రోజుల్లో రక్తకణాల లెక్క మామూలుగానే కనిపించే వీలుంది, అందుకే అనుమానం ఉంటే ఎముక మజ్జ పరీక్ష దాకా వెళ్తారు.

ఇక్కడ తొందరపాటు చేసే కీడు ఒకటుంది. 'వాతం' అనుకుని ఎవరో స్టెరాయిడ్ మొదలుపెడతారు. ల్యుకేమియా కణాలు స్టెరాయిడ్‌కు కొన్నాళ్లు లొంగుతాయి. నొప్పి తగ్గుతుంది, ఇంట్లో అందరూ సంతోషిస్తారు, అసలు జబ్బు ముసుగు వేసుకుంటుంది. తర్వాత బయటపడ్డా దాని చికిత్స లెక్కలు మారిపోతాయి. జబ్బు పేరు తేల్చకుండా డాక్టరు రాసిన స్టెరాయిడ్ అయినా, 'కీళ్లనొప్పులకు' అని అమ్మే పేరులేని పొడి అయినా పిల్లలకు వేయకూడదనడానికి ఈ ఒక్క కారణం చాలు.

గంటలు, రోజులు, వారాలు

ఇప్పుడు క్యాలెండర్ వైపు వద్దాం.

గంటల్లో ముదిరేది కీలులో చీము పట్టడం. నిన్నటిదాకా బాగున్న పిల్లకు గట్టి జ్వరం, ఒక కీలు వేడెక్కి వాచిపోవడం, ఆ కాలు మోపలేకపోవడం, కదిలిస్తే చాలు కేకలు. డైపర్ మారుస్తుంటే పసిబిడ్డ ఒక కాలు కదపకుండా ఏడవడం కూడా ఇందులోదే. ఎక్కువగా స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా చేసే పని ఇది. తుంటి కీలులో చీము పడితే అది లోతుగా ఉంటుంది కాబట్టి వాపు పైకి కనిపించదు. ఆ ఒత్తిడికి తొడ ఎముక తలకు రక్తం అందక అది శాశ్వతంగా దెబ్బతినవచ్చు. పొద్దున చూద్దాంలే అనుకోకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. సూదితో నీరు తీసి పరీక్షించడం, చీము కడగడం, యాంటీబయాటిక్స్ అన్నీ ఆ పూటే మొదలవ్వాలి. ఈ వ్యాసంలో ఒక్క పేరా మాత్రమే గుర్తుపెట్టుకోగలిగితే అది ఇదే కావాలని నా కోరిక.

రోజుల్లో తగ్గిపోయేవి చాలా ఉన్నాయి. జలుబో విరేచనాలో వచ్చి తగ్గాక నాలుగైదేళ్ల పిల్లవాడు ఉన్నట్టుండి కుంటుతాడు, జ్వరం పెద్దగా ఉండదు, వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. తుంటిలో తాత్కాలికంగా చేరే నీరు అది. అయినా చీము కాదని డాక్టరు తేల్చాకే నిశ్చింతగా ఉండాలి. 2006లో చికున్‌గున్యా తెలుగు జిల్లాలను చుట్టబెట్టినప్పుడు మంచాన పడ్డ పెద్దవాళ్లను మనం చూశాం. పిల్లలకూ అది వస్తుంది, కానీ పెద్దవాళ్లలోలా నెలల తరబడి కీళ్లను పీడించడం తక్కువ.

మోకాలు నొప్పి అని వచ్చిన పిల్లకు తుంటిని కూడా చూడాలి. తుంటి జబ్బు నొప్పిని మోకాలికి పంపిస్తుంది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మగపిల్లల్లో తొడ ఎముక తలకు రక్తం తగ్గే పెర్థీస్ జబ్బు, బరువెక్కువ ఉన్న పదీ పన్నెండేళ్ల పిల్లల్లో ఆ ఎముక తల పక్కకు జారడం, రెండూ మోకాలి నొప్పి వేషంలో వచ్చి మోకాలి ఎక్స్‌రేలో దొరక్కుండా తప్పించుకుంటాయి.

చిన్న దెబ్బకే మగపిల్లవాడి మోకాలు బంతిలా ఉబ్బితే మేనమామల సంగతి అడగాలి. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా తల్లి వైపు నుంచి కొడుకులకు వస్తుంది. తెలియక ఆ మోకాలిలో సూది గుచ్చితే ప్రమాదం. మన్యంలోనూ ఆదిలాబాద్ వైపూ గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉంది. అక్కడ ఏడాది వయసు బిడ్డకు రెండు చేతులూ రెండు పాదాలూ ఉబ్బి, ముట్టుకుంటే ఏడిస్తే మొదట తలచుకోవాల్సింది దాన్నే. 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ఈ ప్రాంతాల్లో రక్తపరీక్షలు చేస్తున్నారు.

ఇక వారాలు. పదహారేళ్ల లోపు పిల్లల్లో కనీసం ఆరు వారాలు నిలిచిన కీళ్లవాపుకు వేరే ఏ కారణమూ దొరక్కపోతే దాన్ని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. డాక్టర్ల నోట జేఐఏ. 'ఇడియోపతిక్' అంటే కారణం తెలియనిదని అర్థం. ఆరు వారాలన్న గడువు ఎందుకంటే వైరస్‌ల వల్ల వచ్చే వాపులు దాదాపు అన్నీ ఆ లోపే సర్దుకుంటాయి. ఈ గడువు పేరు పెట్టడానికే, ఆరు వారాలు ఇంట్లో కూర్చోమని కాదు. మన దేశంలో ఒకే కీలు నెలల తరబడి వాచి, తొడ సన్నబడి, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉన్న చరిత్ర ఉంటే కీలుకు క్షయ పట్టిందేమో తేల్చుకోకుండా ఈ పేరు పెట్టకూడదు.

ఏఎస్ఓ అనే చిక్కుముడి

తెలుగు ఊళ్లలో ఎంతోమంది పిల్లలు రుమాటిక్ జ్వరం పేరుతో మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకుంటున్నారు. వాళ్లలో చాలామందికి అది ప్రాణరక్ష. కొందరికి మాత్రం అక్కర్లేని నరకం, పైగా అసలు జబ్బుకు మందు దొరకని కాలయాపన. ఈ రెండు రకాల పిల్లల్నీ విడదీయడం దగ్గరే మన దగ్గర ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి.

పొరపాటుకు బీజం పేర్లలోనే ఉంది. రుమాటిక్ జ్వరం వేరు, పెద్దలకు వచ్చే రుమటాయిడ్ కీళ్లవాతం వేరు, ఈ జబ్బులన్నిటినీ చూసే రుమటాలజీ అనే మొత్తం శాఖ వేరు. అన్నిటికీ మూలం 'పారడం' అన్న అర్థమున్న గ్రీకు మాట. ఒంట్లో ఏదో ద్రవం పారి కీళ్లలో చేరుతుందని పాతకాలపు ఊహ. మనవాళ్లు గాలి తిరుగుతుందని వాతమన్నారు. రెండు చోట్లా ఒకే మాట కింద ఎన్నో జబ్బులు చేరిపోయాయి.

రుమాటిక్ జ్వరం గొంతునొప్పితో మొదలవుతుంది. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా గొంతులో చేరి తగ్గిపోయిన రెండు మూడు వారాలకు, ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో, దాని మీద తయారైన రక్షణ దళం సొంత కీళ్ల మీదా గుండె మీదా పడుతుంది. కీళ్లనొప్పి ఇక్కడ తిరుగుతుంది: ఇవాళ మోకాలు, ఎల్లుండి అది తగ్గి చీలమండ, ఆపైన మోచేయి. నొప్పి ఎంతంటే దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. ఆస్పిరిన్ రకం మందు వేస్తే రెండు మూడు రోజుల్లో మంత్రం వేసినట్టు పోతుంది. మందు లేకపోయినా కొన్ని వారాల్లో కీళ్లు ఏ మచ్చా లేకుండా మామూలైపోతాయి. నష్టమంతా గుండె కవాటాలకే. ఈ జబ్బు కీళ్లను నాకి గుండెను కరుస్తుందని ఫ్రెంచి వైద్యుడు లసేగ్ అన్న మాట వైద్య విద్యార్థులందరికీ కంఠతా వస్తుంది.

జేఐఏ దీనికి పూర్తిగా వేరు. అక్కడ నొప్పి ఒక కీలును వదిలి ఇంకో కీలుకు పోదు. ఉన్నది ఉండగానే కొత్తది చేరుతుంది. నొప్పి తక్కువ, బిగుసుకోవడం ఎక్కువ. కీలు మచ్చ లేకుండా బయటపడటమన్నది చికిత్స లేకుండా సాధారణంగా జరగదు.

ఇప్పుడు ఏఎస్ఓ. స్ట్రెప్టోకాకస్ ఈ మధ్య గొంతులోకి వచ్చి వెళ్లిందని చెప్పే రక్తపరీక్ష అది. అంతే. ఆ బ్యాక్టీరియా వల్ల జబ్బు వచ్చిందని అది చెప్పదు. ల్యాబ్ కాగితం మీద 200 దాటితే 'ఎక్కువ' అని ముద్ర పడుతుంది. బడికి వెళ్లే పిల్లల్లో ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా 200 దాటడం మామూలే, ఏడాదికి నాలుగైదు సార్లు గొంతునొప్పులు వచ్చే వయసు అది. కాళ్లు పీకుతున్నాయన్న పిల్లకు ఏఎస్ఓ చేయించి, 400 వచ్చిందని రుమాటిక్ జ్వరం అనేస్తే, ఆ పిల్లకు ఇరవై ఏళ్లు వచ్చేదాకా సూదులు తప్పవు. మోకాలు ఆరు నెలలుగా వాచి ఉన్న పిల్లకు అదే ముద్ర వేస్తే ఇంకా ఘోరం: పెన్సిలిన్ జేఐఏ మీద పనిచేయదు, ఆ లోపు కీలు అరిగిపోతుంది.

రుమాటిక్ జ్వరాన్ని తేల్చడానికి 1944లో అమెరికా డాక్టరు డకెట్ జోన్స్ కొన్ని ప్రమాణాలు పెట్టారు. 2015లో వాటిని చివరిసారిగా సవరించారు. గుండె వాపు, కీళ్లవాపు, చేతులూ కాళ్లూ తమంతట తామే ఎగిరే కొరియా, అంచులు కట్టిన ఎర్రటి దద్దుర్లు, చర్మం కింద గడ్డలు పెద్ద గుర్తులు. జ్వరం, ఒంట్లో వాపును పట్టిచ్చే ఈఎస్‌ఆర్ అనే రక్తపరీక్ష పెరగడం లాంటివి చిన్న గుర్తులు. స్ట్రెప్టోకాకస్ ఆనవాలుతో పాటు రెండు పెద్దవో, ఒక పెద్దది రెండు చిన్నవో ఉండాలి. ఏఎస్ఓ ఆ ఆనవాలు మాత్రమే. జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఒక్క కీలు వాచినా, వాపు లేకుండా అనేక కీళ్లు నొప్పి పెట్టినా లెక్కలోకి తీసుకోవాలని 2015 సవరణ చెప్పింది. అనుమానం ఉన్న ప్రతి పిల్లకూ గుండెకు ఎకో అనే స్కాన్ చేయాలనీ చెప్పింది. పైకి ఏ శబ్దమూ వినిపించకుండా కవాటం లీకవుతుండవచ్చు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది చదివి ఎవరూ తమంతట తాము పెన్సిలిన్ ఆపేయవద్దు. నిజంగా రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లకు ఆ ఇంజెక్షన్ తప్పితే మళ్లీ దాడి జరుగుతుంది, ప్రతి దాడితో కవాటం ఇంకా పాడవుతుంది. ఏ ఆధారంతో మొదలుపెట్టారో పాత కాగితాలు తీసి, ఎకో రిపోర్టుతో సహా గుండె డాక్టరుకో రుమటాలజిస్టుకో చూపించి అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఒకే పేరు, నాలుగు ముఖాలు

జేఐఏ ఒక్క జబ్బు కాదు. పుస్తకాల్లో ఏడు రకాలున్నాయి. ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సినంతవరకు నాలుగు ముఖాలు చాలు.

మొదటిది మన కథలోని మూడేళ్ల పిల్లది. ఒకటి నుంచి నాలుగు దాకా కీళ్లు, ఎక్కువగా ఒక మోకాలు. ఆడపిల్లల్లో ఎక్కువ. జ్వరముండదు, పిల్ల హుషారుగానే ఉంటుంది. దీని అసలు ప్రమాదం కీలులో కాకుండా కంటిలో ఉంది. కంటి లోపలి పొరకు వచ్చే యువైటిస్ అనే వాపు ఈ పిల్లల్లో కన్ను ఎర్రబడకుండా, నొప్పి లేకుండా, నీరు కారకుండా నిశ్శబ్దంగా సాగుతుంది. టార్చిలైటు వేసి చూస్తే కనిపించదు. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే పరికరం మీద చూడాలి. ఏఎన్ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ ఉన్న చిన్నపిల్లలకు మొదటి కొన్నేళ్లు మూడు నెలలకోసారి. మోకాలు పూర్తిగా తగ్గినా ఈ తనిఖీ ఆపకూడదు. పిల్ల చూపు తగ్గిందని ఇంట్లో తెలిసేసరికి శుక్లమో, నీటికాసులో వచ్చేసి ఉంటాయి. మోకాలికి మంచి వైద్యం చేయించి, కన్ను చూపించమని ఎవరూ చెప్పక చూపు పోగొట్టుకోవడం కన్నా బాధాకరమైనది ఈ జబ్బులో ఇంకొకటి లేదు.

రెండోది పదేళ్లు దాటిన మగపిల్లవాడిది. మడమ నొప్పి అంటాడు, బూట్లు మారుస్తాం. మోకాలు అంటాడు, క్రికెట్ మానిపిస్తాం. పిరుదుల లోపల నొప్పి, పొద్దున నడుము పట్టేయడం మొదలయ్యాక గాని ఇదంతా ఒకటే జబ్బని తట్టదు. స్నాయువులు ఎముకకు అతుక్కునే చోట వచ్చే వాపు ఇది. హెచ్‌ఎల్ఏ బీ27 అనే జన్యు లక్షణంతో దీనికి సంబంధం. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన ఆసుపత్రులకొచ్చే పిల్లల్లో ఈ రకం వాటా ఎక్కువ. కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులోనే వెన్ను బిగుసుకుపోయి ఉంటే డాక్టరుకు చెప్పాలి. వీళ్లకు కన్ను దెబ్బతింటే ఎర్రబడి, నొప్పి పెట్టి తనే చెబుతుంది.

మూడోది జ్వరంతో మొదలవుతుంది. రోజుకొకసారి, తరచు సాయంత్రం పూట, జ్వరం ఒక్కసారిగా 39 డిగ్రీల సెల్సియస్ దాటి కొన్ని గంటల్లో మామూలుకు దిగిపోతుంది. జ్వరమున్నంతసేపు పిల్ల వాలిపోతుంది, దిగగానే ఆడుకుంటుంది. జ్వరంతో పాటు లేత గులాబీ దద్దుర్లు తేలి, జ్వరంతోనే మాయమవుతాయి. మన చామనఛాయ ఒళ్ల మీద అవి అంత తేలిగ్గా కనపడవు. టైఫాయిడ్ అంటారు, మలేరియా, స్క్రబ్ టైఫస్ చూస్తారు, యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ మారుస్తారు. అవన్నీ చూడాల్సినవే, తప్పు లేదు. కానీ కీళ్లు వాచడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి జబ్బు పేరు ఎవరికీ తట్టదు. 1897లోనే లండన్ డాక్టరు జార్జ్ స్టిల్ ఈ రకాన్ని వర్ణించారు, ఇప్పటికీ స్టిల్ జబ్బనే అంటారు. ఇందులో హఠాత్తుగా ప్రాణం మీదికి వచ్చే మలుపు ఒకటుంది: జ్వరం దిగడమే మానేస్తుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, రక్తంలో ఫెర్రిటిన్ అనే ప్రోటీన్ వేలల్లోకి పోతుంది, ఈఎస్‌ఆర్ మాత్రం తగ్గుతుంది. ఈఎస్‌ఆర్ తగ్గింది కదా అని ఊరట పడకూడని సందర్భం అది.

నాలుగోది అయిదు, అంతకుమించి కీళ్లకు, చేతివేళ్లతో సహా వచ్చేది. ఎదిగిన ఆడపిల్లల్లో కొందరికి అచ్చం పెద్దల రుమటాయిడ్‌లా ఉంటుంది. వాళ్లకు మందు ఆలస్యం చేయకూడదు.

కీళ్లనొప్పితోనే మొదలై కీళ్ల జబ్బు కానివీ ఉన్నాయి. పిరుదుల మీద, కాళ్ల మీద ఉబ్బెత్తు ఎర్రచుక్కలు, కడుపునొప్పి, చీలమండల వాపు కలిసి వస్తే సన్నటి రక్తనాళాల వాపు. కీళ్లు త్వరలోనే బాగవుతాయి, మూత్రపరీక్ష మాత్రం కొన్ని నెలలు చేయిస్తూ ఉండాలి. పెద్దపిల్లకు బుగ్గల మీద ఎర్రటి మచ్చ, నోటిపూత, జుట్టు రాలడం, కాళ్లకు నీరు ఉంటే లూపస్. కింద కూర్చున్న పిల్ల తొడల మీద చేతులు ఆనించుకుని లేస్తూ, కనురెప్పలు ఊదారంగులోకి మారి, వేళ్ల కణుపుల మీద ఎర్రటి పొలుసులుంటే కండరాల వాపు. చిన్నపిల్లకు అయిదు రోజులు దాటిన జ్వరంతో ఎర్రటి కళ్లు, పగిలిన పెదవులు, ఉబ్బిన చేతులు కాళ్లు ఉంటే కవాసాకీ. పది రోజుల లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించకపోతే గుండె రక్తనాళాలు ఉబ్బే ప్రమాదం.

రక్తపరీక్ష చెప్పలేనిది

ఆర్ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష నెగటివ్ వచ్చింది కాబట్టి కీళ్లవాతం కాదన్న మాట చాలామంది వినే ఉంటారు. పెద్దల్లోనే ఆ మాట పూర్తి నిజం కాదు, పిల్లల్లో అసలే కాదు. జేఐఏ ఉన్న పిల్లల్లో అది పాజిటివ్‌గా ఉండేది నూటికి అయిదుగురికి అటూ ఇటూ. ఏఎన్ఏ ఏ జబ్బూ లేని పిల్లల్లోనూ పాజిటివ్ రావచ్చు. కంటి తనిఖీ ఎన్నాళ్లకోసారి అన్నది తేల్చడానికి అది పనికొస్తుంది. ఒక మోకాలే వాచిన పిల్లకు ఈఎస్‌ఆర్, అలాంటిదే అయిన సీఆర్పీ పరీక్ష మామూలుగా ఉండటం కద్దు. ఎక్స్‌రే మొదట్లో ఇతర జబ్బులు లేవని చూడటానికే, వాతం మరకలు అందులో కనిపించేసరికి ఆలస్యమైనట్టే. కీలు వాచిందా, పూర్తిగా కదులుతోందా అన్నది చేత్తో పట్టి చూసే డాక్టరే చెప్పాలి. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్ సాయపడుతుంది.

బడులకూ అంగన్‌వాడీలకూ వచ్చి పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. దాని జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు ఉంది, కీళ్లవాతం లేదు. పైన చెప్పిన మూడు ప్రశ్నలు ఆ తనిఖీలో చేర్చడానికి కొత్త పరికరం అక్కర్లేదు, కొత్త ఖర్చు అక్కర్లేదు. చేర్చాలని నేను గట్టిగా నమ్ముతాను.

వైద్యం సంగతి కొద్దిగా. వాచింది ఒకటి రెండు కీళ్లయితే కీలులోకే ఒక ఇంజెక్షన్ చాలాసార్లు నెలల తరబడి ఉపశమనమిస్తుంది. ఎక్కువ కీళ్లకు మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కసారి వేయాల్సిన మందు. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం, కాబట్టి వారంలో ఫలానా రోజని మందు డబ్బా మీదే పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోవాలి. దానికి లొంగకపోతే జీవకణాల్లో తయారుచేసే బయలాజిక్స్ అనే మందులున్నాయి. అమెరికాలో 1999లో ఎటనర్సెప్ట్ అనే బయలాజిక్‌కు పిల్లల విషయంలో అనుమతి వచ్చాక ఈ జబ్బు భవిష్యత్తే మారిపోయింది. మన దేశంలో తయారయ్యే బయోసిమిలర్లతో, అంటే వాటికి దగ్గరి నకళ్లతో, ధర కొంత దిగింది, అయినా చాలా కుటుంబాలకు భారమే. అవి మొదలుపెట్టేముందు క్షయ లేదని చూడటం తప్పనిసరి. వాచిన కీలుకు పసరు కట్టు, పిండికట్టు వేసి కదలకుండా ఉంచితే ఇంకా బిగుసుకుపోతుంది. ఈ పిల్లలకు ఆట కావాలి, ఈత, సైకిలు మరీ మంచివి. వాతం చేస్తుందని వంకాయ, గుమ్మడి, బంగాళాదుంప మానిపించినందువల్ల వచ్చే లాభం లేదు, అసలే సరిగ్గా తినని పిల్ల ఇంకా తగ్గిపోతుంది.

పిల్లల రుమటాలజిస్టులు తెలుగు రాష్ట్రాల్లో తక్కువ, ఉన్నవాళ్లు కూడా పెద్ద నగరాల్లోనే. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. దూరం నుంచి రాత్రి బస్సెక్కి వచ్చేవాళ్లు డాక్టరు ముందు కూర్చునేసరికి ఏ మధ్యాహ్నమో అవుతుంది, అప్పటికి పిల్ల చక్కగా నడుస్తుంటుంది. అందుకని పొద్దున మంచం దిగే ఆ మొదటి పది నిమిషాలూ ఫోనులో వీడియో తీసి ఉంచుకోండి. సాయంత్రం జ్వరంలో దద్దుర్లు తేలితే దీపం వెలుతురులో కాకుండా కిటికీ దగ్గర ఫొటో తీయండి. జ్వరం ఏ పూట ఎంత ఉందో ఒక కాగితం మీద రాయండి. ఫోను ప్రతి వీడియోకీ తేదీ వేసి పెడుతుంది. ఆరు వారాల లెక్క డాక్టరు అక్కడి నుంచి మొదలుపెడతారు.